‘లే క్లెయిమ్ టు’ అనే ఇంగ్లిష్ నుడికారాన్ని తడబడకుండా ఎలా వాడాలి

ఇంగ్లిష్ వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో, పుస్తకాల ముందుమాటల్లో ‘లే క్లెయిమ్ టు’ అనే మాట తరచు కనబడుతుంది. చదివేటప్పుడు అర్థం దాదాపు తెలిసిపోతుంది. ఎవరో ఏదో తనదంటున్నారు, లేదా ఏదో మంచి గుణం తనకుందని చెప్పుకుంటున్నారు. చిక్కంతా మనం రాయాల్సి వచ్చినప్పుడే. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ లే క్లెయిమ్ టు లీడర్‌షిప్ క్వాలిటీస్’ అని రాశారనుకోండి. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ చదివినవాళ్లకు మీరు డప్పు కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. అదే నుడికారానికి ‘నో’ చేర్చి ‘ఐ లే నో క్లెయిమ్ టు ఎక్స్‌పర్టీజ్’ అంటే ఎంతో హుందాగా వినబడుతుంది.

ఒకే మాట ఒకచోట నప్పి మరోచోట ఎబ్బెట్టుగా ఎందుకుంటుందో పట్టుకుంటే ఈ నుడికారం మీ చేతికి వచ్చేసినట్టే. కింద చెప్పినవి వరసగా చదవండి. ఇంగ్లిష్ వాక్యాలు వచ్చిన చోట ఒకసారి పైకి చదువుకోండి. ఈ మాటకు ఒక నడక ఉంది, అది చెవికి అలవాటు కావాలి.

ముందుగా అర్థం: ఆస్తి నుంచి గుణం దాకా

‘క్లెయిమ్’ అనే మాట మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ ‘క్లామారె’ అంటే గట్టిగా కేక వేయడం. పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ‘ఇది నాది’ అని నలుగురికీ వినబడేలా చెప్పడం అనే అర్థం స్థిరపడింది. కాబట్టి ఈ నుడికారానికి మొదటి అర్థం హక్కు చాటుకోవడం. రాజ్యం, సింహాసనం, భూమి, వారసత్వం, బిరుదు లాంటి వాటికి ఇది వాడతారు.

చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్. ఆయన తల్లి ఫ్రాన్స్ రాజకుమార్తె. ఆ బంధుత్వం చూపించి 1340లో ఫ్రాన్స్ రాజు అనే బిరుదు తానే పెట్టుకున్నాడు. ‘ఎడ్వర్డ్ లెయిడ్ క్లెయిమ్ టు ద ఫ్రెంచ్ త్రోన్’ అని రాస్తారు. ఫ్రాన్స్ వాళ్లు ఒప్పుకోలేదు, యుద్ధాలు తరాల తరబడి నడిచాయి. చివరికి 1558లో కలే పట్టణం కూడా చేజారిపోయింది. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో ఇంగ్లిష్ రాజులకు అడుగు నేల కూడా మిగల్లేదు. అయినా ఆ బిరుదును వాళ్లు పూర్తిగా వదులుకున్నది 1801లో మాత్రమే. చేతిలో ఏమీ లేకపోయినా ‘నాది’ అని చెప్పుకోవచ్చన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

రెండో అర్థం మనకు ఎక్కువగా కావలసినది. ఇక్కడ చెప్పుకునేది ఆస్తి గురించి కాదు, గుణం గురించి: నైపుణ్యం, మౌలికత, నిష్పాక్షికత, పాండిత్యం, ప్రాచీనత, గొప్పతనం. ‘ఇది నాకుంది’, ‘నేను ఇలాంటివాణ్ణి’, ‘ఈ పేరు నాకు తగును’ అని చెప్పుకోవడం. సోక్రటీస్ తనకు జ్ఞానం ఉందని ఎన్నడూ చెప్పుకోలేదు, తనకు తెలియదన్న సంగతి తనకు తెలుసని మాత్రమే అన్నాడు. దీన్ని ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కల్లో చెప్పాలంటే ‘సోక్రటీస్ లెయిడ్ నో క్లెయిమ్ టు విజ్‌డమ్’ అంటే సరిపోతుంది.

ఈ మాట వెనక వచ్చేది ఎప్పుడూ కోరదగ్గదే అయి ఉండాలి. పేరు, గెలుపు, ప్రతిభ, హోదా లాంటివి. సోమరితనానికో పిరికితనానికో ఎవరూ హక్కు చెప్పుకోరు కదా. అలా రాస్తే అది వెటకారంగానో పొరపాటుగానో చదవబడుతుంది. ఏదైనా దాడి తామే చేశామని ఒప్పుకున్నవాళ్ల గురించి వార్తల్లో ‘క్లెయిమ్డ్ రెస్పాన్సిబిలిటీ’ అని రాస్తారు గానీ అక్కడ ‘లెయిడ్ క్లెయిమ్ టు’ వాడరు.

రెండో మెట్టు: మాట ఎవరిదో గమనించండి

ఈ నుడికారంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ‘లే క్లెయిమ్ టు’ అన్నప్పుడు రచయిత ఒక మనిషి ఏం చెప్పుకుంటున్నాడో చెబుతున్నాడు, అంతే. అది నిజమని ఒప్పుకోవడమూ లేదు, కాదని కొట్టిపారేయడమూ లేదు.

ఉత్తర ధ్రువం సంగతి చూడండి. 1908 ఏప్రిల్‌లోనే తాను అక్కడికి చేరానని ఫ్రెడరిక్ కుక్ అన్నాడు. 1909 ఏప్రిల్‌లో చేరిన తానే మొదటివాణ్ణని రాబర్ట్ పియరీ అన్నాడు. ఇద్దరి ప్రకటనలూ 1909 సెప్టెంబర్‌లో, వారం తిరక్కుండానే, ఒకదాని వెనక ఒకటి ప్రపంచానికి తెలిశాయి. కుక్ పంపిన కాగితాలు చూసిన కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వాటిలో తగిన రుజువు లేదని ఆ ఏడాది డిసెంబర్‌లోనే చెప్పింది. పియరీ నిజంగా ధ్రువం దాకా వెళ్లాడా అన్న సందేహం కూడా తర్వాతి కాలంలో బలపడింది. ఇప్పుడు ఈ గొడవనంతా తీర్పు ఇవ్వకుండా ఒక వాక్యంలో చెప్పాలి. ‘బోత్ కుక్ అండ్ పియరీ లెయిడ్ క్లెయిమ్ టు ద హానర్ ఆఫ్ రీచింగ్ ద నార్త్ పోల్ ఫస్ట్.’ మొదట చేరిన గౌరవం తమదేనని ఇద్దరూ చెప్పుకున్నారు అని. ఎవరి పక్షమూ తీసుకోలేదు, ఎవరినీ అబద్ధాలకోరు అనలేదు. ‘డిస్కవర్డ్’ అనో ‘రీచ్డ్’ అనో రాసి ఉంటే అప్పుడే ఒక పక్షం తీసుకున్నట్టయ్యేది.

చదివేటప్పుడు దీనివల్ల ఒక లాభం ఉంది. ఒక మనిషి గురించి ‘హి లేస్ క్లెయిమ్ టు ఇంపార్షియాలిటీ’ అని నేరుగా, ఏ విశేషణమూ లేకుండా రాసి ఉంటే, ఆ వెనకే ‘బట్’ వస్తుందని ఎదురుచూడండి. చాలాసార్లు వస్తుంది. నిష్పాక్షికంగా ఉన్నానని చెప్పుకుంటాడు, కానీ ఒకవైపు సాక్ష్యాలే చూపించాడు, అన్న ధోరణిలో వాక్యం సాగుతుంది. మెచ్చుకోదలచిన రచయిత అయితే ‘హి ఈజ్ ఇంపార్షియల్’ అనే రాసేవాడు. పోటీ పరీక్షల్లో పేరా ఇచ్చి రచయిత వైఖరి ఏమిటని అడిగినప్పుడు ఈ చిన్న ఆనవాలు బాగా పనికొస్తుంది.

మూడో మెట్టు: రూపం

‘లే’ క్రియ రూపాలు ‘లే, లెయిడ్, లెయిడ్’. వర్తమానంలో ఏకవచన కర్తకు ‘లేస్’, జరుగుతున్న పనికి ‘లేయింగ్’. ‘లెయిడ్’ రాసేటప్పుడు ఎల్, ఏ, ఐ, డీ అన్న నాలుగు అక్షరాలే. మధ్యలో వై రాదు, ఈ రాదు.

పడుకోవడం అనే అర్థంలో ఉన్న ‘లై’ క్రియతో దీన్ని కలపకండి. ఆ ‘లై’కి భూతకాలం ‘లే’ కావడంతో తెలిసినవాళ్లు కూడా తికమకపడతారు. మన నుడికారంలో భూతకాలం ఎప్పుడూ ‘లెయిడ్ క్లెయిమ్ టు’ మాత్రమే.

‘క్లెయిమ్’ ముందు సాధారణంగా ‘ఎ’ గానీ ‘ద’ గానీ పెట్టరు. ముట్టడి వేయడానికి ‘లే సీజ్ టు’, నొక్కి చెప్పడానికి ‘లే స్ట్రెస్ ఆన్’ అంటారు కదా, ఇది కూడా ఆ కోవలోదే. ‘లే ఎ క్లెయిమ్ టు’ అని అక్కడక్కడా కనబడుతుంది, కానీ మీరు రాసేటప్పుడు ఆర్టికల్ లేని రూపాన్నే అలవాటు చేసుకోండి. ‘క్లెయిమ్’ను బహువచనం చేయకండి. మధ్యలో మాట చేర్చాలంటే మాత్రం వెసులుబాటు ఉంది: ‘లే నో క్లెయిమ్ టు’, ‘లే ఎనీ క్లెయిమ్ టు’, ‘లే సమ్ క్లెయిమ్ టు’, ‘లే ఈక్వల్ క్లెయిమ్ టు’. ఈ నాలుగూ వస్తే చాలావరకు గడిచిపోతుంది.

తెలుగువాళ్లం ఎక్కువగా పప్పులో కాలేసేది ‘టు’ దగ్గర. మనకు హక్కు ‘మీద’ ఉంటుంది: ఆస్తి మీద హక్కు, పొలం మీద హక్కు. ఆ ‘మీద’ ఇంగ్లిష్‌లోకి వెళ్లి ‘ఆన్’ అవుతుంది, ‘లే క్లెయిమ్ ఆన్ ద టైటిల్’ అని చేయి రాసేస్తుంది. అది తప్పు. ‘క్లెయిమ్ ఆన్’ వేరే చోట్ల సరైనదే. బీమా పాలసీ మీద డబ్బు కోరితే ‘మేక్ ఎ క్లెయిమ్ ఆన్ ద పాలసీ’ అంటారు, ఒకరి సమయం మీద మనకు హక్కుంటే ‘హ్యావ్ ఎ క్లెయిమ్ ఆన్ సమ్‌వన్స్ టైమ్’ అంటారు. నష్టపరిహారం అడిగితే ‘క్లెయిమ్ ఫర్ డ్యామేజెస్’. కానీ ‘లే’తో వచ్చిందంటే ‘టు’ తప్ప ఇంకేదీ అతకదు.

నాలుగో మెట్టు: ‘టు’ తర్వాత ఏం రావాలి

ఈ ‘టు’ విభక్తి లాంటిది. ‘టు గో’, ‘టు బి’ లో క్రియకు ముందు వచ్చే ‘టు’ కాదు. అందుకే దీని తర్వాత నామవాచకం రావాలి, లేదా ‘ఇంగ్’ రూపం రావాలి.

నామవాచకంతో అయితే ‘షి కెన్ లే క్లెయిమ్ టు కన్సిడరబుల్ ఎక్స్‌పర్టీజ్ ఇన్ దిస్ ఫీల్డ్.’ ఈ రంగంలో తనకు గణనీయమైన నైపుణ్యం ఉందని ఆమె చెప్పుకోగలదు.

‘ఇంగ్’ రూపంతో అయితే ‘ద లైబ్రరీ కెన్ లే క్లెయిమ్ టు బీయింగ్ ద ఓల్డెస్ట్ బిల్డింగ్ ఇన్ ద సిటీ.’ నగరంలో అతి పాత కట్టడం అనిపించుకునే అర్హత ఆ గ్రంథాలయానికి ఉంది. ఇక్కడ ‘లే క్లెయిమ్ టు బి’ అని రాయకూడదు. ‘క్లెయిమ్’ ఒక్కటే క్రియగా వచ్చినప్పుడు మాత్రం ‘హి క్లెయిమ్స్ టు బి ఎ పొయెట్’ అనాలి. రెండు నిర్మాణాలూ పక్కపక్కన ఉండటంతో ఒకదాని తోక మరోదానికి అంటుకుంటుంది. ‘లే’ ఉందా, అయితే ‘బీయింగ్’. ‘లే’ లేదా, అయితే ‘టు బి’.

‘దట్’ కూడా కుదరదు. ‘వుయ్ లే క్లెయిమ్ దట్ అవర్ మెథడ్ ఈజ్ న్యూ’ అన్నది ఇంగ్లిష్ కాదు. ‘అని’ అనే అర్థంలో వాక్యం మొత్తం చేర్చాలంటే ‘వుయ్ క్లెయిమ్ దట్’ అని మామూలుగా రాసేయండి.

గుణం గురించి రాసేటప్పుడు దీని వెనక తరచు వచ్చే నామవాచకాలు కొన్ని ఉన్నాయి: ఒరిజినాలిటీ, ఎక్స్‌పర్టీజ్, అథారిటీ, గ్రేట్‌నెస్, ఇంపార్షియాలిటీ, కంప్లీట్‌నెస్, ద టైటిల్, ద డిస్టింక్షన్, ద హానర్. వీటితో మొదలుపెడితే వాక్యం సహజంగా కుదురుతుంది.

ఐదో మెట్టు: ‘కెన్’, ‘నో’, ‘ఫ్యూ’ — ఈ నుడికారం ప్రాణం ఇక్కడే ఉంది

ఇది కాస్త నిదానంగా చదవండి. గుణాల విషయంలో ఈ నుడికారం ఒంటరిగా నడవడం అరుదు. సాధారణంగా దానికి ముందు ‘కెన్’, ‘కుడ్’, ‘కెనాట్’, ‘నో’, ‘ఫ్యూ’, ‘హార్డ్‌లీ’ లాంటి మాట ఏదో ఒకటి ఉంటుంది. కారణం ఇందాక చెప్పుకున్నదే. ఈ నుడికారం కేవలం చెప్పుకోవడాన్ని సూచిస్తుంది. నేనే నా గురించి నేరుగా చెప్పుకుంటే గొప్పలు పోతున్నట్టుంటుంది. ఇతరుల గురించి నేరుగా రాస్తే సందేహం ధ్వనిస్తుంది. ఆ రెండు ఇబ్బందుల్నీ తప్పించేది ఈ చిన్న మాటలే.

‘కెన్’ చేరగానే అర్థం మారిపోతుంది. ‘షి లేస్ క్లెయిమ్ టు ఒరిజినాలిటీ’ అంటే తనకు మౌలికత ఉందని ఆమె అంటోంది, నిజమో కాదో చూడాలి. ‘షి కెన్ లే క్లెయిమ్ టు ఒరిజినాలిటీ’ అంటే అలా చెప్పుకునే అర్హత ఆమెకుంది. ఆమె నిజంగా చెప్పుకుందా లేదా అన్నది ఇక్కడ లెక్కే కాదు. ఆమె నోరు మెదపకపోయినా వాక్యం నిలుస్తుంది. మొదటి వాక్యంలో మాట ఆమెది, రెండో వాక్యంలో తీర్పు రచయితది. ఒక్క ‘కెన్’ తేడాతో అనుమానం కాస్తా ప్రశంస అయిపోయింది. తెలుగులో ‘చెప్పుకుంటుంది’కీ ‘చెప్పుకోదగ్గ’కూ ఉన్న దూరం ఎంతో ఇదీ అంతే.

ప్రశంసను ఇంకా గట్టిచేయాలంటే ‘జస్ట్‌లీ’, ‘రైట్‌లీ’, ‘లెజిటిమేట్‌లీ’ లాంటి మాటను ‘కెన్’కూ ‘లే’కూ నడుమ పెట్టండి. ‘దే కెన్ జస్ట్‌లీ లే క్లెయిమ్ టు ద టైటిల్.’ ఆ పేరు తమదని వాళ్లు న్యాయంగానే చెప్పుకోగలరు.

‘ఫ్యూ’ వచ్చిందంటే మెచ్చుకోలు ఇంకా ఎక్కువ. ‘ఫ్యూ సైంటిస్ట్స్ కెన్ లే క్లెయిమ్ టు సచ్ ఎ రేంజ్ ఆఫ్ అచీవ్‌మెంట్స్.’ ఇన్ని రంగాల్లో ఇంత సాధించామని చెప్పుకోగలిగిన శాస్త్రవేత్తలు అతి కొద్దిమంది. సన్మాన సభల్లో, పరిచయ ప్రసంగాల్లో, సిఫార్సు లేఖల్లో ఈ వాక్యం చక్కగా ఒదుగుతుంది. ఎవరి గురించి చెబుతున్నామో వారిని పొగిడినట్టూ ఉంటుంది, మితిమీరినట్టూ ఉండదు.

‘నో’తో వచ్చే రూపం నాకు ఎంతో ఇష్టం. నా దృష్టిలో ఈ నుడికారానికి అత్యంత అందమైన వాడకం ఇదే. ఒక విషయం మీద మాట్లాడబోతూ ‘ఐ లే నో క్లెయిమ్ టు ఎక్స్‌పర్టీజ్ ఇన్ దిస్ మ్యాటర్’ అంటే, నేను దీంట్లో పండితుణ్ణని చెప్పుకోను, కానీ నాకు తోచింది చెబుతాను అని. పుస్తకం ముందుమాటలో ‘దిస్ బుక్ లేస్ నో క్లెయిమ్ టు కంప్లీట్‌నెస్’ అంటే, అన్నీ ఇందులో ఉన్నాయని నేను అనడం లేదు అని. ఇది మొక్కుబడి వినయం కాదు. ఏం ఆశించవచ్చో, ఏం ఆశించకూడదో పాఠకుడికి ముందే చెప్పే నిజాయితీ. అదే పనికి ‘మేక్ నో క్లెయిమ్ టు’ అన్న రూపం కూడా ఉంది, అది కాస్త మామూలుగా వినబడుతుంది. ‘ఐ కెన్ లే నో క్లెయిమ్ టు’ అంటే మరికొంచెం లాంఛనంగా ఉంటుంది.

ఇతరుల గురించి ‘కెనాట్’, ‘కుడ్ హార్డ్‌లీ’ వాడితే అది మర్యాదగా చేసిన విమర్శ. ‘ద రిపోర్ట్ కెన్ హార్డ్‌లీ లే క్లెయిమ్ టు ఆబ్జెక్టివిటీ.’ ఈ నివేదిక నిష్పాక్షికమైనదని అనడం కష్టం. పక్షపాతం అన్న మాట ఎక్కడా వాడకుండానే ఆ సంగతి చెప్పేశాం. ఆఫీసు రాతల్లో ఎదుటివాళ్లను నొప్పించకుండా తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తుంది.

‘బోత్’తో వచ్చేది పోటీ. ప్రపంచంలో అతి పాత విశ్వవిద్యాలయం ఏదన్న ప్రశ్నకు ఇటలీలోని బొలోన్యా పేరు చెబుతారు, దాని స్థాపన 1088 అని పరంపరగా లెక్కిస్తారు. మొరాకోలోని ఫెజ్ నగరంలో 859లో మొదలైన అల్ ఖరవియ్యీన్ పేరు కూడా చెబుతారు. విశ్వవిద్యాలయం అంటే ఏమిటని మనం నిర్ణయించుకుంటామో దాన్ని బట్టి జవాబు మారుతుంది. అలాంటి చోట ‘బోత్ కెన్ లే క్లెయిమ్ టు బీయింగ్ ద ఓల్డెస్ట్’ అంటే రెంటికీ న్యాయం జరుగుతుంది. కర్త మనిషి కాకుండా ఊరో సంస్థో అయినప్పుడు గొప్పలు చెప్పుకున్న ధ్వని కూడా బాగా తగ్గుతుంది. అందుకే చరిత్ర, పర్యటన వ్యాసాల్లో ఈ వాక్యం ఎక్కువ.

ఆరో మెట్టు: దగ్గరి మాటలతో కలపకండి

‘స్టేక్ ఎ క్లెయిమ్’ దీనికి దగ్గరి చుట్టం. కాలిఫోర్నియాలో 1848లో బంగారం బయటపడ్డాక అక్కడికి పరుగెత్తిన వాళ్లు తమ తవ్వకం స్థలం చుట్టూ గుంజలు పాతి ‘ఇది నాది’ అని గుర్తు పెట్టుకునేవారు. ఆ గుంజ పేరే ‘స్టేక్’. కాబట్టి ఈ మాటలో ఇంకొకరు రాకముందే మన చోటు ఖాయం చేసుకోవడం అనే తొందర ఉంటుంది. కొత్త ఆటగాడు జట్టులో చోటు కోసం బాగా ఆడితే ‘హి స్టేక్డ్ హిజ్ క్లెయిమ్ టు ఎ ప్లేస్ ఇన్ ద టీమ్’ అంటారు. అక్కడ ‘లెయిడ్ క్లెయిమ్’ అంటే తప్పు కాదు గానీ, ఆడి చూపించాడన్న చురుకు పోయి, నోటితో అడిగాడన్నట్టు అవుతుంది.

‘హ్యావ్ ఎ క్లెయిమ్ టు’ అంటే ఆధారం ఉండటం. ‘లే క్లెయిమ్ టు’ అంటే ఆధారం ఉన్నా లేకున్నా చెప్పుకోవడం. ‘హి హ్యాజ్ ఎ స్ట్రాంగ్ క్లెయిమ్ టు ద పోస్ట్’ అంటే ఆ పదవికి అతనికి బలమైన అర్హత ఉందని, అతను అడిగినా అడగకపోయినా.

‘ప్రిటెండ్ టు’ గురించి ఒక మాట. ఇప్పుడు దీనికి నటించడం అనే అర్థమే అందరికీ తెలుసు. పాత, లాంఛనమైన ఇంగ్లిష్‌లో మాత్రం దీనికి చెప్పుకోవడం అనే అర్థం ఉంది. 1745లో బ్రిటిష్ సింహాసనం తన వంశానిదని తిరుగుబాటు నడిపిన చార్ల్స్ ఎడ్వర్డ్ స్టూవర్ట్‌ను చరిత్రలో ‘యంగ్ ప్రిటెండర్’ అంటారు. నటుడని కాదు, సింహాసనం నాదన్నవాడని. ‘ఐ డోంట్ ప్రిటెండ్ టు అండర్‌స్టాండ్ ఇట్’ అన్న వాక్యం నేటికీ వాడుకలో ఉంది, నాకిది పూర్తిగా అర్థమైందని చెప్పుకోను అని దాని భావం. సంభాషణలో ‘లే నో క్లెయిమ్ టు’ బరువుగా అనిపిస్తే ఇది చక్కగా సరిపోతుంది.

‘బోస్ట్’ అంటే మనిషి విషయంలో గొప్పలు కొట్టడం, చోటు విషయంలో మాత్రం మెప్పు. ‘క్లెయిమ్ టు ఫేమ్’ నామవాచకం, పేరు రావడానికి కారణమైన ఒకే ఒక్క విశేషం అని. ‘అలెజ్’ ఆరోపణలకు. ఈ మూడూ మన నుడికారం బదులు వాడేవి కావు.

ఏడో మెట్టు: ఒక పేరాను దగ్గరగా చూద్దాం

ఒక ప్రాజెక్టు నివేదిక ముందుమాట ఇలా ఉందనుకోండి:

‘వుయ్ లే క్లెయిమ్ దట్ దిస్ రిపోర్ట్ ఈజ్ నాట్ కంప్లీట్. బట్ వుయ్ లే ఎ క్లెయిమ్ ఆన్ ఒరిజినాలిటీ. వుయ్ ఆల్సో లే క్లెయిమ్ టు బి ద ఫస్ట్ టు స్టడీ దిస్ టాపిక్.’

మొదటి వాక్యంలో ‘దట్’ వచ్చింది, అది పోవాలి. అంతకంటే పెద్ద సమస్య భావంలో ఉంది: అసంపూర్ణంగా ఉండటం ఎవరూ తమదని చెప్పుకునే గుణం కాదు. సంపూర్ణతను తీసుకుని ముందు ‘నో’ పెడితే రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి. ‘దిస్ రిపోర్ట్ లేస్ నో క్లెయిమ్ టు కంప్లీట్‌నెస్.’ కర్తను ‘వుయ్’ నుంచి ‘దిస్ రిపోర్ట్’కు మార్చడం కూడా గమనించండి, వాక్యం వెంటనే తేలికపడింది.

రెండో వాక్యంలో ‘ఎ’ తీసేసి, ‘ఆన్’ బదులు ‘టు’ పెడితే వ్యాకరణం సరిపోతుంది. అయినా నేనైతే ఆ వాక్యాన్నే వదిలేస్తాను. ఇప్పుడే ‘లేస్ నో క్లెయిమ్’ అని అన్నాక వెంటనే ‘లే క్లెయిమ్’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. పైగా మౌలికత ఉందని మనమే చెప్పుకోవడం కన్నా ఏం కొత్తగా చేశామో చూపించడం మేలు. ‘వాట్ ఈజ్ న్యూ హియర్ ఈజ్ ద వే ద డేటా వజ్ కలెక్టెడ్.’ సమాచారం సేకరించిన పద్ధతి కొత్తది అని చెప్పేశాం. ఇక మౌలికత ఎంతో చదివినవాళ్లే తేల్చుకుంటారు.

మూడో వాక్యంలో ‘టు బి’ని ‘టు బీయింగ్’ చేయాలి. కానీ తామే మొదటివాళ్లమన్న మాటకు రుజువు చేతిలో ఉందా అని ముందు చూసుకోవాలి. లేకపోతే ‘టు అవర్ నాలెడ్జ్’ చేర్చి మామూలుగా రాయడం మంచిది: ‘టు అవర్ నాలెడ్జ్, దిస్ టాపిక్ హ్యాజ్ నాట్ బీన్ స్టడీడ్ బిఫోర్.’ మూడు సార్లు వచ్చిన నుడికారం ఒక్కసారికి తగ్గింది, ఆ ఒక్కసారీ సరైన చోట పడింది. ఒక చిన్న వ్యాసంలో దీన్ని ఒకసారి వాడితే బాగుంటుంది. రెండోసారి వచ్చిందంటే బరువెక్కుతుంది.

ఎక్కడ వాడొద్దు

స్నేహితుల చాటింగ్‌లో, ఫోన్ మాటల్లో ఇది నప్పదు. ‘ఐ యామ్ నో ఎక్స్‌పర్ట్, బట్’ అని మొదలుపెట్టండి, అదే పని జరుగుతుంది. బయోడేటాలో, ఇంటర్వ్యూలో మీ గురించి మీరు ‘ఐ లే క్లెయిమ్ టు’ అనకండి. అక్కడ గుణం పేరు చెప్పడం కన్నా చేసిన పని చెప్పడం మేలు. ఇంటర్వ్యూ టెన్షన్‌లో బరువైన మాట ఒకటి వాడేద్దాం అనిపిస్తుంది గానీ, ఆ కోరిక ఆపుకోండి. న్యాయపరమైన కాగితాల్లో ఆస్తి హక్కు గురించి రాయాల్సి వస్తే, ఆ చట్టానికి ఏ మాట వాడతారో అదే వాడాలి. ఈ నుడికారం వ్యాసాలకు, ప్రసంగాలకు, విమర్శలకు, సిఫార్సు లేఖలకు పుట్టింది.

ఇప్పుడు మీరు రాయండి

కింది నాలుగు తెలుగు వాక్యాలను ముందు మీరే ఇంగ్లిష్‌లో రాసి చూడండి. ఆ తర్వాతే కింద ఉన్న జవాబులు చదవండి.

మొదటిది: సంగీతం నాకు క్షుణ్ణంగా తెలుసని నేను చెప్పుకోను.
రెండోది: ఈ ఆలోచన తమదేనని ఇద్దరు శాస్త్రవేత్తలూ చెప్పుకున్నారు.
మూడోది: ఇంత ఓర్పు తమకుందని చెప్పుకోగలిగిన టీచర్లు కొద్దిమందే.
నాలుగోది: ఆ స్థలం తనదని ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు.

మొదటిదానికి ‘ఐ లే నో క్లెయిమ్ టు ఎ థరో నాలెడ్జ్ ఆఫ్ మ్యూజిక్.’ మీరు ‘టు నో మ్యూజిక్’ అని రాసి ఉంటే నాలుగో మెట్టు మళ్లీ చూడండి.

రెండోదానికి ‘బోత్ సైంటిస్ట్స్ లెయిడ్ క్లెయిమ్ టు ద ఐడియా.’ కలన గణితం విషయంలో న్యూటన్, లైబ్నిజ్ మధ్య జరిగిన తగవు గురించి రాయాలంటే ఇదే వాక్యం పనికొస్తుంది. లైబ్నిజ్ తన పద్ధతిని 1684లో అచ్చులో పెట్టాడు, న్యూటన్ 1660లలోనే పని మొదలుపెట్టినా ప్రచురించడం ఆలస్యం చేశాడు. ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారని నేటి చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు కాబట్టి ఇక్కడ ‘కుడ్ బోత్ లే క్లెయిమ్’ అన్నా చక్కగా నప్పుతుంది.

మూడోదానికి ‘ఫ్యూ టీచర్స్ కెన్ లే క్లెయిమ్ టు సచ్ పేషెన్స్.’ ‘ఎ ఫ్యూ’ అని రాయకండి. ‘ఎ’ చేరితే ‘కొంతమంది చెప్పుకోగలరు’ అయిపోయి మెప్పు సగం చచ్చిపోతుంది.

నాలుగోదానికి ‘సో ఫార్ నో వన్ హ్యాజ్ లెయిడ్ క్లెయిమ్ టు ద ల్యాండ్.’ ఇది గుణం కాదు, ఆస్తి. కాబట్టి ‘కెన్’ అవసరం లేదు. ‘నో వన్’ ఉన్నాక మళ్లీ ‘నో క్లెయిమ్’ అనకూడదు, ఒక వాక్యానికి ఒక్క ‘నో’ చాలు.